అలసిన కాళ్లతో పరిగెత్తడం ఎలా?

లాంగ్ రన్నింగ్ మొదలుపెట్టిన మొదటి రెండు వారాలు ఎవరైనా పరిగెత్తుతారు. కొత్త బూట్లు, కొత్త ఉత్సాహం, తాజా కాళ్లు. అసలు కథ ఐదో వారంలో మొదలవుతుంది. తెల్లవారుజామున అలారం మోగుతుంది. ఆ రోజుకి 12 కిలోమీటర్లు రాసిపెట్టి ఉంటుంది. మంచం దిగగానే పిక్కలు బిగుసుకుని ఉంటాయి, మెట్లు దిగుతుంటే తొడలు పీకుతుంటాయి. వెళ్లాలా, ముసుగు తన్ని పడుకోవాలా?

ఈ ప్రశ్నకి ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పుకునేవాళ్లు ఎక్కువ కాలం పరిగెత్తలేరు. ప్రతిసారీ పడుకునేవాడు రేసు దాకా రాడు. ప్రతిసారీ వెళ్లేవాడు ఏదో ఒకటి విరగ్గొట్టుకుని ఆగిపోతాడు. నేను రెండో రకం. అలా ఒకసారి తొమ్మిది వారాలు ఇంట్లో కూర్చున్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆగకుండా ఐదు కిలోమీటర్లు పరిగెత్తగలిగి, ఇప్పుడు హాఫ్ మారథాన్ గానీ ఫుల్ గానీ చేద్దామనుకుంటున్నవారి కోసం ఇది రాస్తున్నాను. గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, చాలా ఏళ్లుగా ఒళ్లు వంచనివాళ్లు ముందు డాక్టర్‌కి చూపించుకోండి.

1. తేదీ పెట్టుకుని వెనక్కి లెక్కపెట్టండి

"ఎప్పుడో ఒకప్పుడు మారథాన్ చేస్తాను" అన్న మాటకి ఎవరూ కట్టుబడలేరు. ఒక రేసు ఎంచుకుని పేరు నమోదు చేసుకోండి. అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఇప్పటికే వారానికి 20, 25 కిలోమీటర్లు పరిగెత్తుతుంటే ఫుల్ మారథాన్‌కి, అంటే 42.195 కిలోమీటర్లకి, 16 నుంచి 20 వారాలు కావాలి. హాఫ్‌కి 10 నుంచి 12 వారాలు. చేతిలో అంత సమయం లేకపోతే దూరమైనా తగ్గించుకోండి, తర్వాతి రేసుకైనా వెళ్లండి. వారాలు తగ్గించి కిలోమీటర్లు కుక్కకండి.

తర్వాత వారంలో ఏ రోజులు పరిగెత్తుతారో తేల్చుకోండి. నాలుగు చాలు. మొదటి ఏడాది నేను ఆరు రోజులు పెట్టుకున్నాను. మూడో వారంలో రెండు రోజులు ఎగ్గొట్టాను. ఎగ్గొట్టినందుకు నన్ను నేను తిట్టుకుంటూ ఇంకో రెండు రోజులు ఎగ్గొట్టాను.

మీరు మాట ఇవ్వాల్సింది రోజులకి, కిలోమీటర్లకి కాదు. మంగళవారం పరుగు రోజు అనుకుంటే ఆ రోజు బూట్లు వేసుకుని గుమ్మం దాటాలి, అంతే. పది కిలోమీటర్లా, మూడా అన్నది దాటాక తేలుతుంది. దాటాలా వద్దా అన్న బేరం మాత్రం ఆ పూట పెట్టుకోకూడదు. నిద్రమత్తులో పెట్టుకున్న బేరంలో ఎప్పుడూ మంచమే గెలుస్తుంది.

ఈ గంటలు ఎక్కడినుంచో రావాలి కదా. చాలామందికి రాత్రి ఫోన్ పక్కన పెట్టడం నుంచే వస్తాయి. ఇంట్లోవాళ్లకి కూడా ముందే చెప్పండి, ఆదివారం ఉదయం మూడు గంటలు నేను దొరకనని. చెప్పకుండా మాయమవుతూ పోతే, పదో వారానికి మీ కాళ్ల కన్నా ముందు ఇల్లు అలిసిపోతుంది.

2. సిగ్గేసేంత మెల్లగా పరిగెత్తండి

కొత్త రన్నర్లు పడే అలసటలో చాలా భాగం అనవసరమైనది. మెల్లగా చేయాల్సిన పరుగుని వేగంగా చేయడం వల్ల వచ్చేది. ఈజీ రన్ అంటే ఎంత ఈజీ? పరిగెత్తుతూ ఫోన్ మాట్లాడితే, మీరు పరుగులో ఉన్నారని అవతలివాళ్లు పోల్చుకోలేకపోవాలి. పూర్తి వాక్యాలు రావాలి. మధ్యలో రొప్పు వస్తే వేగం తగ్గించండి, అవసరమైతే నడవండి. పక్కనుంచి ఎవరో దాటిపోతారు. పోనివ్వండి.

ఇది కొత్తవాళ్ల కోసం కనిపెట్టిన సడలింపు కాదు. న్యూజిలాండ్ రన్నర్ పీటర్ స్నెల్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు. రెండు నిమిషాల్లోపు ముగిసిపోయే రేసు అది. దానికోసం అతని కోచ్ ఆర్థర్ లిడియార్డ్ బేస్ ట్రైనింగ్ నెలల్లో, అంటే రేసులకి ముందు పునాది వేసుకునే నెలల్లో, వారానికి 100 మైళ్ల దాకా, అంటే సుమారు 160 కిలోమీటర్లు పరిగెత్తించేవాడు. అందులో అధిక భాగం ఒళ్లు తట్టుకునే వేగంలోనే.

ఇంకో కారణం ఉంది, దీన్ని చాలామంది దెబ్బ తగిలాకే తెలుసుకుంటారు. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే మెరుగవుతాయి. ఎముకలు, కీళ్లు, మడమ వెనకుండే టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టే తాడు) లాంటివి గట్టిపడటానికి నెలలు పడుతుంది. రెండో నెలలో ఊపిరి "ఇంకా వేగంగా పో" అంటుంది, ఎముక అప్పటికి సిద్ధంగా ఉండదు. ఊపిరి మాట ఒక్కటే వింటే మోసపోతారు.

నాలుగు రోజుల్లో మూడు రోజులు ఇలా మెల్లగా వెళ్లండి. ఒక్క రోజు కొంచెం వేగం. మొదటిసారి ఫుల్ చేస్తున్నవాళ్లు ఆ ఒక్క రోజు కూడా మొదటి ఆరు వారాలు పెట్టుకోకపోతే నష్టమేమీ లేదు.

3. మూడు వారాలు పెంచి, నాలుగో వారం దించండి

వారానికి పది శాతానికి మించి పెంచకూడదని ఒక లెక్క ప్రచారంలో ఉంది. అది వేదవాక్కు కాదు గానీ దురాశకి కళ్లెంగా పనికొస్తుంది. వారం మొత్తం కన్నా ఒక్కో పరుగుని గమనించుకోవడం ముఖ్యం. గత నెలలో మీరు చేసిన అతి పెద్ద లాంగ్ రన్, అంటే వారానికొకసారి చేసే పొడవైన పరుగు, 14 కిలోమీటర్లయితే, ఈ ఆదివారం 15 చేయండి. స్నేహితులు పిలిచారని 20కి దూకకండి. నాలుగో వారం మొత్తం దూరాన్ని పావు వంతు నుంచి మూడో వంతు తగ్గించండి, ఎంత బాగున్నా సరే. ఫుల్ మారథాన్‌కి లాంగ్ రన్ 30, 32 దాకా వెళ్తే చాలు. ట్రైనింగ్‌లో 42 పరిగెత్తాల్సిన పని లేదు.

4. అలసటకి పేరు పెట్టండి

నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇక్కడుంది. "అలిసిపోయాను" అంటే ఏం చేయాలో తెలియదు. అదే బద్ధకమా, బడలికా, నీరసమా, నొప్పా అని విడదీస్తే వెంటనే తెలుస్తుంది. ఈ నాలుగు మాటలూ మనకి ఎలాగూ ఉన్నాయి, వాడుకోవడమే మిగిలింది.

బద్ధకం అంటే ఒళ్లు బాగానే ఉంది, మనసు కదలడం లేదు. దీన్ని గుర్తుపట్టడం తేలిక. తోటి రన్నర్ కింద గేటు దగ్గర నిలబడి ఉన్నాడని ఫోన్ వస్తే లేస్తారా? లేస్తారంటే అది బద్ధకమే. దానికి మందు బయటికి వెళ్లడం. బట్టలు, బూట్లు, నీళ్ల సీసా రాత్రే తీసిపెట్టుకుంటే సగం బద్ధకం పుట్టదు.

బడలిక అంటే నిన్నటి, మొన్నటి పని కాళ్లలో మిగిలి ఉంది. రెండు కాళ్లూ ఇంచుమించు ఒకేలా బరువెక్కి ఉంటాయి. కండరం మొత్తం పీకుతుంది గానీ ఫలానా చోట అని వేలు పెట్టి చూపించలేరు. పెద్ద పరుగు తర్వాత ఇది ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉంటుంది, కాబట్టి రెండో రోజు మొదటి రోజు కన్నా ఘోరంగా ఉందని కంగారు పడకండి. బడలికతో పరిగెత్తవచ్చు, పరిగెత్తాలి కూడా. కాకపోతే ముందు పది నిమిషాల పరీక్ష పెట్టండి. బాగా మెల్లగా పది నిమిషాలు పరిగెత్తండి. బడలికయితే ఒళ్లు వేడెక్కేకొద్దీ సడలుతుంది, పదకొండో నిమిషానికి మీరే మర్చిపోతారు. సడలకపోతే, లేదా ఇంకా బరువెక్కితే, వెనక్కి తిరిగి నడుచుకుంటూ ఇంటికి రండి. ఇరవై నిమిషాల పైనే బయట ఉన్నారు కాబట్టి మాట తప్పినట్టు కాదు.

నీరసం వేరు. అది కాళ్లలో కాదు, ఒళ్లంతా ఉంటుంది. మామూలు వేగానికే గుండె దడదడలాడుతుంది. ఆకలి మందగిస్తుంది, చిన్న మాటకే చిరాకు వస్తుంది, ఒళ్లు అలిసినా రాత్రి నిద్ర పట్టదు. తిండి చాలకో, నిద్ర చాలకో, జ్వరం వచ్చే ముందో ఇలా ఉంటుంది. నీరసంతో పరిగెత్తితే నీరసమే పెరుగుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. ఉదయం మంచం దిగకముందే ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి. వారం రోజులు చూస్తే మీ మామూలు అంకె తెలుస్తుంది. వరసగా రెండు మూడు రోజులు అంతకన్నా ఏడెనిమిది ఎక్కువ కొడుతుంటే పరుగు మానేసి తినండి, పడుకోండి. రెండు మూడు వారాలైనా నీరసం వదలకపోతే రక్తపరీక్ష చేయించుకోండి. ఐరన్ తక్కువైన రన్నర్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, నెలల తరబడి "నాకు పట్టుదల లేదు" అనుకుంటూ తమని తాము నిందించుకుంటారు.

నాలుగోది నొప్పి. దాని సంగతి కింద విడిగా చెబుతాను.

వీటి పక్కన ఇంకో అలసట ఉంది, తలలో ఉండేది. 2009లో వేల్స్‌లోని బాంగర్ యూనివర్సిటీలో శామ్యూల్ మార్కోరా బృందం ఒక ప్రయోగం చేసింది. మనుషుల చేత 90 నిమిషాలు బుర్రకి పనిపెట్టే కంప్యూటర్ పని చేయించి, తర్వాత సైకిల్ తొక్కించారు. వాళ్లు మామూలు కన్నా ముందే చేతులెత్తేశారు. చిత్రం ఏమిటంటే గుండెలో గానీ కండరాల్లో గానీ దానికి కారణమయ్యే తేడా కనిపించలేదు. అదే పని వాళ్లకి ఎక్కువ కష్టంగా అనిపించింది, అంతే. రోజంతా మీటింగుల్లో నలిగి సాయంత్రం పరుగుకి వెళ్తే ఐదు కిలోమీటర్లు పదిలా అనిపించేది ఇందుకే. కాళ్లకేమీ కాలేదు. అలాంటి రోజు వాచీ ఇంట్లో వదిలేసి, ఎంత వేగం వస్తే అంతే వేగంతో వెళ్లి రండి.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, దూరం, ఆ పూట అలసట పేరు. మూడే మాటలు. యాప్‌లు ఎన్నో అంకెలు చూపిస్తాయి గానీ ఈ మూడో మాట ఏ యాప్‌కీ తెలియదు.

5. బడలికలోనే లాంగ్ రన్ చేయడం అలవాటు చేసుకోండి

మారథాన్‌లో ఆఖరి 10, 12 కిలోమీటర్లు మీరు తాజా కాళ్లతో పరిగెత్తరు. అందుకే ఆ స్థితిని ముందే కాళ్లకి పరిచయం చేయాలి. అలాగని ప్రతి వారం ఒకేసారి 35 పరిగెత్తితే ఒళ్లు పాడవుతుంది. దానికి దొడ్డిదారి ఒకటుంది. ఎనిమిదో వారం దాటాక, శనివారం 10, 12 కిలోమీటర్లు మెల్లగా చేసి, మర్నాడు ఆదివారం లాంగ్ రన్ చేయండి. శనివారం ఖర్చయిన సత్తువ పూర్తిగా తిరిగి రాకముందే ఆదివారం మొదలవుతుంది. 22 కిలోమీటర్ల పరుగులో ఆఖరి ఆరు, ఒక్కసారిగా 30 దాటినట్టు ఉంటాయి. దూరం దెబ్బ లేకుండా అలసట పాఠం దొరుకుతుంది. దించే వారంలో మాత్రం ఇది చేయకండి.

ఆదివారం దారి ఎంచుకోవడంలో కూడా కిటుకు ఉంది. ఇంటి చుట్టూ రౌండ్లు కొట్టకండి, ప్రతి రౌండ్‌లోనూ గుమ్మం పిలుస్తుంది. 11 కిలోమీటర్లు ఒకే దిక్కుకి వెళ్లిపోతే 11 వెనక్కి రాక తప్పదు. జేబులో కొంచెం డబ్బు, ఫోన్ ఉంచుకోండి, నిజంగా ఇబ్బంది వస్తే బండెక్కి రావడానికి.

కాళ్లు బరువెక్కినప్పుడు సహజంగా చేసే తప్పు, అంగలు పెద్దవి చేయడం. దానికి బదులు అడుగులు చిన్నవి చేయండి, చప్పుడు తగ్గేలా వేయండి. చెవుల దాకా పాకిన భుజాలని ఒకసారి పైకెత్తి వదలండి. పిడికిళ్లు విప్పండి. చూపు పాదాల మీద కాకుండా ఇరవై ముప్పై అడుగుల ముందు ఉంచండి. మిగిలిన దూరం మొత్తాన్ని తలకెత్తుకోకుండా, ఆ చెట్టు దాకా, ఆ మలుపు దాకా అనుకుంటూ వెళ్లండి. వంద అడుగులు లెక్కపెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడం నాకు బాగా పనిచేస్తుంది. పాటలు వింటేనే పరుగు సాగుతుందనేవాళ్లని నేను కాదనను, కానీ ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద వద్దు.

"ఇక నా వల్ల కాదు" అన్న మాట కాళ్ల నుంచే వస్తుందా అన్నది శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకునే విషయం. దక్షిణాఫ్రికాకి చెందిన టిమ్ నోక్స్, ఒళ్లు నిజంగా ప్రమాదంలో పడకముందే మెదడు బ్రేకు వేస్తుందని వాదించాడు. వాదం సంగతి ఎలా ఉన్నా, ఒక్క విషయం మీరే చూడొచ్చు. రేసులో చివరి ఐదు కిలోమీటర్లు ఈడ్చుకుంటూ వచ్చినవాడు, ఫినిష్ గేటు కనిపించగానే ఉరుకుతాడు. ఆ సత్తువ ఎక్కడో లేకపోతే అప్పుడు రాదు కదా.

6. తిండి, నీళ్లు

కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం సుమారు 500 గ్రాములు, అంటే 2,000 కేలరీల పని. పరుగుకి కిలో బరువుకి, కిలోమీటరుకి సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 65 కిలోల మనిషికి మారథాన్‌కి 2,700 పైనే. కొంత కొవ్వు నుంచి వస్తుంది గానీ, వేగం పెరిగేకొద్దీ ఒళ్లు పిండిపదార్థమే ఎక్కువ అడుగుతుంది. 30 కిలోమీటర్ల ప్రాంతంలో చాలామంది ఉన్నట్టుండి కూలబడేది ఇక్కడే. రన్నర్లు దీన్ని గోడకి గుద్దుకోవడం అంటారు.

కాబట్టి గంటంబావు దాటే పరుగుల్లో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోండి. రన్నర్ల కోసం ప్యాకెట్లలో దొరికే తియ్యటి జెల్ అయినా, తియ్యటి డ్రింక్ అయినా సరే. ఆకలేసేదాకా ఆగకుండా అరగంట దాటగానే మొదలుపెట్టండి. రేసు రోజు ఏం తింటారో అదే లాంగ్ రన్‌లో తిని చూడండి, పొట్టకి కూడా ట్రైనింగ్ కావాలి.

దాహం వేయకముందే నీళ్లు తాగుతూ ఉండాలని భయపెట్టే మాటలు నమ్మకండి. దాహం వేస్తే తాగండి. 2002 బోస్టన్ మారథాన్ పూర్తిచేసిన 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందిలో సోడియం, అంటే ఉప్పులో ఉండే లవణం, ఉండాల్సిన దానికన్నా తగ్గి ఉంది. వాళ్లలో పరుగులో బరువు పెరిగినవాళ్లు ఎక్కువ. అంటే పోయిన చెమట కన్నా తాగిన నీళ్లు ఎక్కువన్నమాట. పరిగెత్తి వచ్చాక మీ బరువు పెరిగి ఉంటే అతిగా తాగినట్టే.

7. నొప్పి దగ్గర ఆగండి

ఇప్పుడు నా తొమ్మిది వారాల సంగతి. ట్రైనింగ్ పదకొండో వారంలో కుడి ముంగాలి ఎముక లోపలివైపు, బొటనవేలంత జాగాలో నొప్పి మొదలైంది. మొదట్లో పరుగు అయ్యాకే వచ్చేది. తర్వాత పరుగు మధ్యలో, ఆ తర్వాత నడుస్తున్నా వచ్చింది. నోట్‌బుక్‌లో మాత్రం వరసగా ఐదు రోజులు "బడలిక" అని రాశాను. అబద్ధమని రాస్తున్నప్పుడే తెలుసు. రేసుకి ఇంకా ఆరు వారాలుంది, ఒక్క లాంగ్ రన్ పోతుందని భయం. స్కాన్‌లో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని, అంటే పదేపదే ఒత్తిడి పడి ఎముకకి వచ్చిన సన్నటి పగులని తేలింది. మొదట్లోనే నాలుగు రోజులు పరుగు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లి ఉంటే ఒకటి రెండు లాంగ్ రన్‌లతో పోయేదేమో, రేసే పోయింది.

నొప్పిని బడలిక నుంచి ఇలా విడదీయండి. ఒక్క కాలికే ఉందా? ఫలానా చోటని వేలితో చూపించగలరా? పరిగెత్తేకొద్దీ పెరుగుతోందా? మీ నడక మారిందా? పడుకున్నా రాత్రిళ్లు సలుపుతోందా? ఒక్కదానికి అవునన్నా ఆగండి. ఎముక మీద నొక్కితే ఒకే చోట చురుక్కుమంటే, లేదా నడుస్తుంటేనే నొప్పి వస్తుంటే, డాక్టర్ చూసేదాకా పరిగెత్తకండి. నొప్పి మాత్ర వేసుకుని పరుగుకి వెళ్లడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. నొప్పి చెప్పే మాట వినపడకుండా పోతుంది, పైగా ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని మాత్రలు కిడ్నీలని దెబ్బతీస్తాయి.

జ్వరం ఉంటే పరుగు లేదు, చర్చ కూడా లేదు. ఛాతీలో నొప్పి, పట్టేసినట్టు ఉండటం, కళ్లు తిరిగి పడిపోవడం, పరుగు తర్వాత మూత్రం నల్లటి టీ రంగులో రావడం, వీటిలో ఏది వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ట్రైనింగ్ పెరిగాక నెలసరి ఆగిపోతే "పరిగెత్తేవాళ్లకి మామూలే" అని సరిపెట్టుకోకండి. ఖర్చుకి తగ్గ తిండి పడటం లేదనడానికి అది ప్రధానమైన గుర్తు, ఎముకలు బలహీనపడే దారి కూడా అదే.

వారం రోజులు తప్పిపోతే ఆ కిలోమీటర్లు పోయినట్టే. తర్వాతి వారంలో అప్పు తీర్చాలని చూడకండి.

8. చివరి మూడు వారాలు

అతి పెద్ద లాంగ్ రన్ రేసుకి మూడు వారాల ముందు అయిపోవాలి. ఆ తర్వాత దూరం తగ్గిస్తూ, చివరి రెండు వారాల్లో మామూలులో సగానికి తెచ్చుకోండి. కొంచెం వేగంగా పరిగెత్తే ముక్కలు అలాగే ఉంచండి. ఈ రోజుల్లో విచిత్రంగా ఎక్కడెక్కడో కొత్త నొప్పులు పుడతాయి, గొంతు గరగరలాడినట్టు ఉంటుంది, నిద్ర పట్టదు. చాలావరకు టెన్షనే. ఖాళీ దొరికింది కదా అని ఇంకో 25 కొట్టి రాకండి, ఆ పరుగు వల్ల వచ్చే లాభం రేసు రోజుకి చేతికందదు. నోట్‌బుక్ తీసి "బడలిక" అని రాసి కూడా పరుగు పూర్తిచేసిన రోజులు లెక్కపెట్టుకోండి.

రేసు మొదట్లో అందరూ ఉరుకుతారు. మొదటి ఐదు కిలోమీటర్లు మీకు మరీ మెల్లగా అనిపించే వేగంలో వెళ్లండి. కొత్త బూట్లు, కొత్త సాక్సులు ఆ రోజు వద్దు.

అయిపోయాక కనీసం వారం పరిగెత్తకండి, నడక చాలు. తర్వాతి రెండు మూడు రోజులు మెట్లు ఎక్కడం పర్వాలేదు గానీ, దిగడం నరకం. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు మోయాలి, రేసులో ఎక్కువ నలిగింది ఆ కండరమే. రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి దిగండి. పక్కింటివాళ్లు చూస్తే చూడనివ్వండి.